ఉయ్యాల్లో రాయి

మా ఇంట్లో ఒకప్పుడు రెండేళ్ళ పిల్ల చాప మీద పడి ఏడుస్తుంటే, ఉయ్యాల్లో ఒక రాయి హాయిగా ఊగుతూ ఉండేది. నిజంగా రాయే. పచ్చడి నూరే పొత్రం. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నా కూతురి పాత జుబ్బా తొడిగి, మా అత్తయ్య రోజూ మధ్యాహ్నం పక్కన కూర్చుని ఊపేది. ఇది జరిగి ఏళ్ళు గడిచాయి. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఉయ్యాల గొలుసు కిర్రుమంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అత్తవారిది పెడన. నేను పుట్టి పెరిగింది గుడివాడలో. తొంభైల మొదట్లో నా పెళ్ళయ్యేనాటికి కలంకారీ అంటే దుప్పట్ల మీద ఉండే లతలూ నెమళ్ళూ అని తప్ప నాకేమీ తెలియదు. పెళ్ళయ్యాక తెలిసింది, ఆ లతల వెనకాల కరక్కాయ నీళ్ళ వాసన, గేదెపాల వాసన, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నల్లరంగు కంపు ఎంత ఉంటాయో. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా ఆయన, మావయ్య గుడ్డల మీద చెక్క అచ్చులు వేసేవాళ్ళు. పొద్దున్న మొదలయ్యే ఆ ధబ్ ధబ్ చప్పుడు సాయంత్రం దాకా ఆగేది కాదు. నా కూతురు కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగింది. దానికి చప్పుడు అడ్డం కాదు. అందుకే మధ్యాహ్నం అన్నం తిని ఉయ్యాలెక్కితే రెండు ఊపులకే కళ్ళు మూసేసేది.

అది పడుకున్న ఆ కాసేపే నాకు షెడ్డులోకి వెళ్ళే వీలు. మా ఆయన నాకు పని నేర్పింది ఆ వేళల్లోనే. మొదట చిన్న అచ్చులు, తర్వాత అంచులు. "చేత్తో కొట్టకు, ఒళ్ళు బరువు వెయ్యి. అచ్చు మూల పక్క అచ్చు మూలని ముద్దు పెట్టుకోవాలి," అనేవాడు. అన్నాక తనే సిగ్గుపడేవాడు. ఏడాది తిరిగేసరికి అంచు పని అంతా నాదే అయింది. నా అంచులో అతుకు కనిపించదని మావయ్య కూడా ఒప్పుకున్నాడు, ఆయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి వంట, బట్టలు, రంగు ఉడకబెట్టడానికి కట్టెలు, నీళ్ళు. ఇవన్నీ కోడలి పనులు. అంచు మాత్రం నా పని. మొగుడూ పెళ్ళాం ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడి నాలుగు మాటలు చెప్పుకునేది కూడా అప్పుడే. మావయ్య ఆ వేళకి అరుగు మీద కునుకు తీసేవాడు.

ఒక్క పిల్ల చాలని మేం అనుకున్నది కూడా ఆ బల్ల దగ్గరే. ముందు అన్నది నేను కాదు, మా ఆయన. నా కాన్పు బందరు పెద్దాసుపత్రిలో చాలా కష్టమైంది. నేను లోపల అరుస్తుంటే ఆయన వరండాలో నిలబడి అన్నీ విన్నాడు. పిల్ల పుట్టిన కొన్నాళ్ళకి, ఎర్రంచు దుప్పటి మీద అచ్చు పెట్టబోతూ ఆగి, "మనకిది చాలు. ఇంకోసారి ఆ వరండాలో నిలబడలేను," అన్నాడు. లోపల పడుకున్నదాన్ని నేనైతే నిలబడలేనంటున్నది తనా అని నవ్వొచ్చింది. కానీ ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. వీలు చూసుకుని నేను ఆపరేషన్ చేయించుకుంటానన్నాను. అమ్మతో తను చెబుతానన్నాడు. నేనూ నమ్మాను.

చెప్పలేదు. ఈ రోజు చెబుతా, రేపు చెబుతా అంటూ పిల్లకి రెండేళ్ళు నిండాయి.

అప్పుడు దిగింది బందరు పెద్దత్తయ్య, అంటే మా అత్తయ్యకి అక్కగారు. గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన ఎండురొయ్యల సంచి వంటింట్లో పడేసి, మంచినీళ్ళు తాగి, నడింట్లో ఉయ్యాల వైపు చూసింది. చెక్క ఉయ్యాల అది, మా ఆయనా, ఆయన చెల్లెళ్ళూ పడుకున్నదే. దూలానికి రెండు కొక్కేలు, వాటికి ఇనుప గొలుసులు. నా కూతురు కాస్త పొడుగైంది కాబట్టి దాని పాదాలు ఒక చివర బయటికి వచ్చి ఊగుతున్నాయి.

"రెండేళ్ళు దాటిన ఆడపిల్లని ఇంకా ఉయ్యాల్లోనే పెట్టుకున్నారటే?" అంది పెద్దత్తయ్య. "ఇది దిగితే కదా మగపిల్లాడు ఎక్కేది! నిండిన బస్సు స్టాపులో ఆగుద్దా?"

మా అత్తయ్యకి ఈ మాట మంత్రంలా వినిపించింది. "అవునక్కా, నాకు తట్టనే లేదు. కానీ ఖాళీ ఉయ్యాల ఇంట్లో వేలాడకూడదు కదా," అంది.

"ఖాళీగా ఎందుకుంచుతావు? బారసాలనాడు బిడ్డకంటే ముందు ఉయ్యాల్లో ఏం పడుకోబెడతాం? పొత్రమే కదా? అదే పడుకోబెట్టు. రోజూ మూడు పూటలా ఊపు. కోడలు నీళ్ళోసుకునేదాకా ఊపు."

బారసాలనాడు రాయిని ఉయ్యాల్లో పెట్టి తీయడం మా వైపూ ఉంది. ఆ రాయిలా బిడ్డ గట్టిగా ఉండాలని పెడతారు, నిమిషంలో తీసేస్తారు. పుట్టని బిడ్డ కోసం రాయిని కాపరం పెట్టడం మాత్రం నేనెక్కడా వినలేదు. ఆ ఆచారం ఆ క్షణంలో, మా నడింట్లో, పెద్దత్తయ్య నోట్లో పుట్టింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అదీ సంగతి. మాకు ఆలి ఉంది, నేనే. కానీ నన్ను అడిగినవాళ్ళు లేరు.

"మరి పిల్ల ఎక్కడ పడుకుంటుందండీ?" అన్నాను.

"నేల లేదా తల్లీ?" అంది పెద్దత్తయ్య. "ఆడపిల్లకి నేల అలవాటు కావాలి."

ఆ సాయంత్రం మా ఆయన పెరట్లో నూతి దగ్గర చేతుల రంగు రుద్దుకుంటుంటే వెళ్ళి చెప్పాను. "పెద్దవాళ్ళ చాదస్తం. రెండ్రోజులు ఊపి వాళ్ళే మానేస్తారులే," అన్నాడు. నేను మాట్లాడుతున్నది చాదస్తం గురించి కాదు. వద్దనుకున్న సంగతి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం వస్తుందా అని అడిగాను. ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నాడు.

మర్నాటి నుంచి మొదలైంది నా మధ్యాహ్నాల నరకం.

పిల్లని చాప మీద పడుకోబెట్టాను. లేచి ఉయ్యాల దగ్గరికి పరిగెత్తింది. మంచం మీద పడుకోబెట్టాను. జారి దిగి పరిగెత్తింది. భుజాన వేసుకుని పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా తిరిగాను. భుజం మీద తల వాల్చి పడుకున్నట్టే ఉంటుంది, చాప మీదకి వంచగానే కళ్ళు తెరిచి "ఊపు" అంటుంది. "ఊపు అమ్మా, ఊపు." ఒడిలో వేసుకుని మోకాళ్ళు ఊపాను. మోకాళ్ళు పీకాయి గానీ దానికి నిద్ర రాలేదు. పక్కన పడుకుని నేను నిద్ర నటిస్తే, నా కనురెప్పలు వేళ్ళతో పైకెత్తి చూసేది. నటించి నటించి నాకే నిద్ర ముంచుకొచ్చేది, దానికి మాత్రం వచ్చేది కాదు. ఇంతలో కరెంటు పోయేది. పెడనలో ఆ రోజుల్లో మధ్యాహ్నం కరెంటు ఉంటే అదొక వార్త. విసనకర్రతో ఒక చేత్తో విసురుతూ, ఇంకో చేత్తో జోకొడుతూ, చెమటకి తడిసి ముద్దయిపోయి, కిర్రు కిర్రుమనే ఆ గొలుసు చప్పుడు వింటూ పళ్ళు నూరేదాన్ని.

ఎందుకంటే అత్తయ్య సరిగ్గా ఆ వేళకే వచ్చి ఊపేది. రాయికి మధ్యాహ్నం నిద్ర తప్పకూడదు మరి! నా పిల్లకి తప్పినా ఫర్వాలేదు.

సలహాలకి మాత్రం లోటు లేదు. పక్కింటావిడ మాడుకి ఆముదం పెట్టమంది. పెట్టాను. ఎదురింటావిడ పెరుగన్నం ఎక్కువ పెట్టమంది. పెట్టాను. నీళ్ళబిందె మోసే మనిషి దిష్టి తగిలిందంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశాను. చివరికి మా అత్తయ్యే, "గసగసాలు నూరి పాలలో పట్టు, చుక్క వేస్తే చాలు చచ్చినట్టు పడుకుంటుంది," అంది.

"నూరడానికి రాయేదండీ? అది నిద్రపోతోందిగా," అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపుకి పాలు విరిగేవి. నాకు మాత్రం ఆ పూట కాస్త మనసు చల్లబడింది.

మధ్యాహ్నం పడుకోని పిల్ల ఊరుకుంటుందా? సాయంత్రానికి తూలిపోయేది. అన్నం ముద్ద నోట్లో ఉండగానే తల వాల్చేసేది. సరిగ్గా అప్పుడు దీపాలవేళ అయ్యేది. "దీపాలవేళ పడుకుంటే ఇంటికి అరిష్టం," అంటూ అత్తయ్య దాని మొహాన నీళ్ళు చల్లి లేపేది. మధ్యాహ్నం చోటివ్వరు, సాయంత్రం నిద్రివ్వరు. లేచిన పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. "ఇంత మొండిది ఎవరి పోలికో," అనేది అత్తయ్య. నా పోలికే. నాకందులో అనుమానమే లేదు.

ఈ గొడవలో నేను షెడ్డులో అడుగు పెట్టి చాలా రోజులైంది. అంచులు లేని దుప్పట్లు బల్ల పక్కన పేరుకుపోయాయి. నడిమి పని అయిపోయి అంచుల కోసం ఎదురుచూస్తున్నవి. నా అచ్చులకి పట్టిన రంగు ఎండి పొట్టు లేస్తోంది. ఒకరోజు పిల్లని చంకనేసుకునే వెళ్ళి చూశాను. మా ఆయన నా అంచు తనే వేస్తున్నాడు, అతుకులు కనిపిస్తున్నాయి. ఎదురుగా నిలబడ్డాను. తలెత్తలేదు. ఆ బల్లకి అటువైపు నిలబడి "మనకిది చాలు" అన్న మనిషి ఇతనేనా అనిపించింది. నాకు రాయి మీద కోపం లేదు. అత్తయ్య మీద ఉన్నది కూడా పైపై కోపమే. ఆవిడకి నిజం తెలియదు, తెలిసినవాడు చెప్పలేదు. అసలు కోపమంతా ఈ వంచిన తల మీదే.

ఇంకో సంగతి. మావయ్యకి రోజూ రాతి మీద నూరిన పచ్చడి పడాలి. మా ఇంట్లో రోలు లేదు, పచ్చళ్ళన్నీ సన్నికల్లు మీదే. సన్నికల్లు వంటింట్లో ఒంటరిగా పడి ఉంది, దాని పొత్రం నడింట్లో జుబ్బా తొడుక్కుని ఊగుతోంది. మిక్సీలో వేద్దామంటే కరెంటు ఉండదు. ఉన్నప్పుడు వేస్తే, "ఇది పచ్చడా, గోడకి కొట్టే సున్నమా?" అని కంచం పక్కకి నెట్టేవాడు. అంతే తప్ప రాయి సంగతి ఆయనా ఎత్తలేదు. ఆ ఇంట్లో మగవాళ్ళిద్దరూ అచ్చులు వేసేటప్పుడే చప్పుడు చేస్తారు.

నా కూతురు ఉయ్యాలెక్కబోయి రెండు మూడుసార్లు గొలుసు పట్టుకుని వేలాడింది. దాన్ని ఆపడానికి అత్తయ్య ఒక ఉపాయం కనిపెట్టింది. "అది నీ చోటు కాదమ్మా. తమ్ముడిది. అడుగో తమ్ముడు, బజ్జున్నాడు. ష్," అని వేలు పెదాల మీద పెట్టి చూపించింది. పిల్ల నమ్మింది. రెండేళ్ళ పిల్ల, నానమ్మ చెబితే నమ్మదా? మునికాళ్ళ మీద నిలబడి ఉయ్యాల్లోకి తొంగి చూసి, తను కూడా వేలు పెదాల మీద పెట్టుకుని వెనక్కి వచ్చేసేది. తన చోటు తమ్ముడికి ఇచ్చేసి వచ్చి చాప మీద కూర్చుని, నిద్ర రాక, ఏడుస్తున్నట్టు తెలియకుండా ఏడ్చేది. అది చూసినప్పుడు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కోపంతో వచ్చే నీళ్ళు వేడిగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

ఫలితం ఎంతవరకు వచ్చిందో చూద్దామని పెద్దత్తయ్య మళ్ళీ దిగింది. వస్తూనే నా కడుపు వంక చూసింది. నేను పమిట సర్దుకున్నాను. ఆ రోజు మావయ్య గోంగూర పచ్చడి అడిగాడు. ఆకు వేయించి, మిరపకాయలు వేయించి సన్నికల్లు పక్కన పెట్టుకుని కరెంటు కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదు. పిల్లకి అన్నం పెట్టి నడింట్లో చాప వేశాను. ఎండ మండిపోతోంది. ఏమనిపించిందో గానీ ఆ రోజు పిల్ల నా చెయ్యి మీద తల పెట్టుకుని మారాం చేయకుండా పడుకుంది. జోకొట్టాను. రెప్పలు బరువెక్కాయి. వేళ్ళు వదులయ్యాయి. ఇన్నాళ్ళకి పడుకుంటోంది నా తల్లి అనుకున్నాను. ఊపిరి కూడా బిగబట్టాను. ఇది పడుకుంటే ఇవాళ వెళ్ళి నా అంచు నేను వేస్తాను అనుకున్నాను.

కిర్రుమంది గొలుసు.

అత్తయ్య ఊపుతోంది. పెద్దత్తయ్య పక్కన కూర్చుని పర్యవేక్షిస్తోంది. "కాసేపు ఆగండి, పిల్ల ఇప్పుడే కళ్ళు మూసింది," అన్నాను. "వేళ తప్పకూడదు," అంది పెద్దత్తయ్య.

పిల్ల లేచి కూర్చుంది. కళ్ళు నులుముకుంటూ ఉయ్యాల దగ్గరికి నడిచింది. ఈసారి తొంగి చూడటంతో ఆగలేదు. చెయ్యి లోపలికి పెట్టి రాయిని తట్టింది, నేను తనని తట్టినట్టే. కాసేపు తట్టి, చెయ్యి తీసి, వాళ్ళిద్దరి వైపు తిరిగింది.

"నానమ్మా, తమ్ముడు లేవట్లే," అంది.

"బజ్జున్నాడమ్మా."

"కాదు. తమ్ముడు కదలట్లే. చల్లగా అయిపోయాడు."

పెద్దత్తయ్య చెయ్యి నోటికి వెళ్ళింది. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఊపే చెయ్యి ఆగిపోయింది గానీ ఉయ్యాల మాత్రం ఊగుతూనే ఉంది, పసుపు రాసిన ఆ రాయి జుబ్బాలో అటూ ఇటూ దొర్లుతూనే ఉంది. పుట్టబోయే మనవడికి ఆ ఇద్దరూ కలిసి కట్టిన కోట, పిల్ల ఒక్క మాటతో పాడెగా మారిపోయింది. ఆ మాటలు దాని నోట పెట్టింది తామేనని ఒప్పుకోవడం ఎవరివల్ల అవుతుంది? అత్తయ్య లేచి నా కూతురి నోటి మీద ఛెళ్ళున కొట్టింది.

"నోరు ముయ్యవే శనిదానా!"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకా రోజు తెలిసింది. పిల్లని లాక్కుని చంకనేసుకున్నాను. ఉయ్యాల అంచు పట్టి ఆపాను. అదే చేత్తో రాయిని బయటికి తీశాను, దాని జుబ్బా ఊడబీకాను. ఎంత బరువుందో తెలియలేదు.

"తమ్ముడని మీరు నేర్పితే తమ్ముడంది," అన్నాను. "రాయి కదలకపోతే కదలట్లేదంది. చల్లగా ఉంటే చల్లగా ఉందంది. ఈ ఇంట్లో నిజం చెప్పింది ఇదొక్కతే. దాన్ని కొడతారా? కొట్టాల్సింది దీన్ని కాదు!"

షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. మా ఆయన, ఆయన వెనక మావయ్య, పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా ఆయన చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాను.

ఆయన నన్ను చూశాడు. వాళ్ళమ్మని చూశాడు. ఎర్రగా కందిన పిల్ల పెదవిని చూశాడు. నోరు తెరిచాడు కూడా. అందులోంచి ఏమీ రాలేదు. నేను ఎదురుచూశాను. ఇప్పటికీ గుర్తుంది, ఆయనకి ఇవ్వాల్సినంత సమయం ఇచ్చాను.

"సరే," అన్నాను. "అత్తయ్యా, ఈ ఇంట్లో ఇంకో కాన్పు లేదు. నేను కనను. ఆపరేషన్ చేయించుకుంటున్నాను. ఈ మాట నాకంటే ముందు అన్నది మీ అబ్బాయి. వద్దనుకుని రెండేళ్ళయింది. మీరు ఇన్నాళ్ళూ ఊపింది ఉత్త రాయిని."

చెప్పి వంటింట్లోకి వెళ్ళి, పిల్లని దించి, రాయిని కడిగి, పీట వేసుకుని కూర్చుని గోంగూర నూరడం మొదలుపెట్టాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. ఏదో ఒకటి నూరకపోతే ఎవరినో ఒకరిని నూరేసేలా ఉన్నాను. నడింట్లో పెద్దత్తయ్య శోకండాలు మొదలయ్యాయి, వంశం, పిండం, కలికాలం. నేను ఇంకా గట్టిగా నూరాను. పిల్ల వెక్కుతూ వచ్చి నా వీపు మీద వాలి మెడ చుట్టూ చేతులు వేసింది. నేను ముందుకి వంగితే అదీ ముందుకి, వెనక్కి వస్తే అదీ వెనక్కి. కాసేపటికి వెక్కిళ్ళు ఆగాయి. చెంప నా వీపుకి అంటుకుపోయింది. పచ్చడి వెన్నలా అయిపోయినా నేను నూరుతూనే ఉన్నాను, ఆపితే లేస్తుందేమోనని. ఉయ్యాల్లోంచి దించేశాక నా కూతురు మధ్యాహ్నం నిద్రపోవడం అదే మొదటిసారి.

మావయ్య ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పెద్దత్తయ్య తినకుండానే బందరు బస్సెక్కింది.

మర్నాడు నేను కాలవ దగ్గర బట్టలు ఝాడించి వచ్చేసరికి నడింట్లో ఉయ్యాల లేదు. మా ఆయన దించేశాడు. గొలుసులు చుట్టి అటక మీద పెట్టి, దూలానికున్న కొక్కేలు కూడా పీకేశాడు. దూలం మీద ఆయన నల్లరంగు వేలిముద్రలు పడ్డాయి. ఆ రంగు ఒకసారి అంటుకుంటే పోదు. అత్తయ్య ఆ ముద్రల వంకే చూస్తూ కూర్చుంది. నోటితో చెప్పాల్సింది చేతులతో చెప్పాడు. దాంతో నా కోపం చల్లారిపోయిందని మీరనుకుంటే పొరపాటు. ఆ మధ్యాహ్నం బల్లకి ఇటువైపు నిలబడి ఆ మాటే అడిగాను.

"అమ్మ ముందు నోరు రాలేదు," అన్నాడు.

"నాకు వచ్చిందిగా," అన్నాను. "నాకు ఆవిడ అత్తగారు, మీకైతే కన్నతల్లి."

ఆయన అచ్చు తీసి రంగులో అద్దాడు. నేనూ అచ్చు అందుకున్నాను. చాలా రోజుల తర్వాత వేసిన ఆ మొదటి అంచు వంకరపోయింది.

ఆపరేషన్‌కి ఆయనే తీసుకెళ్ళాడు. మళ్ళీ అదే వరండాలో నిలబడ్డాడు, ఈసారి వినడానికి అరుపులు లేవు. అత్తయ్య నాతో మాట్లాడలేదు గానీ కారం లేని బీరకాయ కూర చేసి క్యారేజీలో పంపింది. తిన్నాను. కోపం వేరు, ఆకలి వేరు.

పిల్ల నిద్ర సంగతి కూడా చెప్పాలి. దానికి చాప వద్దు, మంచం వద్దు. అన్నం తినగానే వంటింట్లోకి వెళ్ళి సన్నికల్లు పక్కన, చల్లటి నాపరాళ్ళ మీద పడుకుని, ఒక చెయ్యి పొత్రం మీద వేసుకునేది. "తమ్ముడూ, జోజో," అని దాన్ని నాలుగుసార్లు తట్టేది. తట్టి తట్టి తనే పడుకునేది. అది తమ్ముడు కాదు రాయి అని నేను దిద్దలేదు. ఎవరు నేర్పారో వాళ్ళే దిద్దుకుంటారని వదిలేశాను. అత్తయ్య ఆ వేళకి వంటింట్లోకి రావడం మానేసింది. నేను వెళ్ళి నా అంచులు వేసుకున్నాను.

పొత్రానికి ఆ పేరు అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో ఇప్పటికీ "తమ్ముణ్ణి కడిగి పెట్టు" అంటే పచ్చడి నూరాలని అర్థం.

పిల్లకి పన్నెండో పదమూడో వచ్చినప్పుడు, ఏదో శుభలేఖ ఇవ్వడానికి బందరు చుట్టాలు ఇంటినిండా వచ్చారు. అత్తయ్య వాళ్ళ మధ్యలో కూర్చుని నా కూతుర్ని చూపిస్తూ మురిసిపోతోంది. క్లాసులో ఫస్టంది, అంచులు వాళ్ళమ్మకంటే బాగా వేస్తుందంది. వంటింట్లో పచ్చడి నూరుతూ గుమ్మంలోంచి వింటున్న నాకు ఫర్వాలేదులే అనిపించింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

"దీన్ని ఉయ్యాల్లో ఊపి ఊపి నా రెక్కలు పడిపోయాయనుకోండి," అంది.

నా కూతురు కాఫీ గ్లాసుల పళ్ళెం ఆవిడ ముందుకి వంచింది.

"నన్నా నానమ్మా," అంది, "తమ్ముణ్ణా?"

అత్తయ్య గ్లాసు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను వంటింట్లో కూర్చుని నూరుతూనే ఉన్నాను.